మా ఊరి బడికి రెండో టీచర్ రావాలంటే ఎవరిని అడగాలి?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు దగ్గర చిన్న పల్లెటూరు. మా పాప ఊళ్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతి. అయిదు తరగతులూ కలిపి ఇరవై మంది కూడా లేరు, టీచర్ ఒక్కరే. ఆవిడ మూడో తరగతికి బోర్డు మీద తీసివేతలు చెబుతుంటే ఒకటో తరగతి వాళ్లు పలకల మీద పిచ్చిగీతలు గీస్తుంటారు. పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తారు? మీటింగ్ ఉందంటే ఆ రోజు చదువు లేనట్టే.

మా పాప తెలుగు పాఠం గడగడా అప్పజెబుతుంది. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి చదవమంటే మాత్రం దిక్కులు చూస్తుంది. అదే నా టెన్షన్.

బడికెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు ప్రైవేటు బడికి పంపినా వస్తుంది కాబట్టి, పొద్దున్నే స్కూలు బస్సు వచ్చి సగం మంది పిల్లల్ని ఎక్కించుకుపోతోంది. పిల్లలు లేరని టీచర్‌ని ఇవ్వరు, టీచర్ లేరని పిల్లల్ని పంపరు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది లోపు ఉన్నా ఇద్దరు టీచర్లుండాలట కదా! తల్లిదండ్రుల కమిటీ తీర్మానం చేసి ఎంఈఓకి (మండల విద్యాధికారికి) ఇస్తే సరిపోతుందా, కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ పెట్టాలా? మీ ఊళ్లో ఇలా సాధించినవాళ్లుంటే చెప్పండి. ఈలోగా ఇంట్లో చదవడం ఎలా నేర్పించాలో టీచర్లెవరైనా చెప్పినా చాలు.