ఫ్లోరిస్ వెర్‌స్టర్ తరహా పూలు: తడి మీద తడి వేస్తే ఎరుపు బురదవుతోంది

ప్రశ్న (ముద్దమందారం):
డచ్ చిత్రకారుడు వెర్‌స్టర్ 1880ల చివర్లో వేసిన పెద్ద పూల చిత్రాల్లా, ముదురు నేపథ్యం మీద ఎర్ర డేలియాలు ఆయిల్‌లో వేస్తున్నాను. కాన్వాసు 40×50 సెం.మీ. నేపథ్యం తడిగా ఉండగానే రేకులు పెడితే రంగు చెడుతోంది. ఆరాక పెడితే కత్తిరించి అతికించినట్టు ఉంటోంది. వెలుగు కోసం తెలుపు కలిపితే ఎరుపు పోయి గులాబీ వస్తోంది. లిన్సీడ్ నూనె కలిపి మందంగా వేసిన చోట ముడతలు. ఎలా సరిచేయాలి?

కుంచెమొన:
నేపథ్యంలో నూనె వద్దండి. బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమరంగు), అల్ట్రామెరీన్ (ముదురు నీలం) కలిపి టర్పెంటైన్‌తో పలుచగా రుద్దండి. పూలు వచ్చే చోటు అప్పుడే గుడ్డతో తుడిచేయండి. పూలు మొదలుపెట్టే ముందు ఆ నేపథ్యం వేలికి జిగురుగా తగలాలి గానీ రంగు అంటకూడదు; అంబర్ త్వరగా బిగుసుకుంటుంది కాబట్టి ఆ దశ కోసం ఎక్కువసేపు ఆగక్కర్లేదు. తర్వాత 10 లేదా 12 నంబరు చదును హాగ్ (పంది వెంట్రుకల) కుంచెతో రంగు నిండుగా తీసుకుని, రేకుకి ఒక్క స్ట్రోక్ వేసి ఎత్తేయాలి. అదే చోట మళ్ళీ రుద్దారా, కింది నలుపు పైకి లేస్తుంది. ప్రతి స్ట్రోక్‌కీ కుంచె తుడవాలి. నీడవైపు రేకుల అంచుల్ని మాత్రం నేపథ్యంలోకి కాస్త లాగండి, అతికించినట్టు ఉండదు.

ట్యూబ్‌రంగు:
ఎరుపుకి వెలుగు తెలుపుతో రాదు. కాడ్మియం రెడ్ లైట్, ఇంకా వెలుగు కావాలంటే దానిలో కాడ్మియం ఆరెంజ్. తెలుపు చివరి రెండు మూడు మెరుపులకే. నీడకి క్వినాక్రిడోన్ అనే ఎరుపు వాడండి, ట్యూబు మీద పీవీ 19 అనే రంగు పదార్థం కోడ్ ఉందో లేదో చూడండి. పీఆర్ 83 అని ఉన్న అలిజరిన్ ఎరుపు తెలుపుతో కలిపినా, పలుచగా వేసినా వెలిసిపోతుంది. వాన్ గో 1890లో వేసిన గులాబీలు ఇప్పుడు దాదాపు తెల్లగా కనిపించడానికి అలాంటి నిలవని ఎర్ర ‘లేక్’ రంగే (అద్దకపు రంగుతో చేసినది) కారణం. జింక్ వైట్ కూడా మందపు పొరల్లో వద్దు, పెళుసెక్కి పగులుతుంది.

గుడ్డముక్క:
ముడతలకి కారణం ఆ నూనే. పై పొర గాలి తగిలి ముందు గట్టిపడుతూ ఉబ్బుతుంది, లోపలిది ఇంకా మెత్తగానే ఉండటంతో పైది ముడతలు పడుతుంది. ట్యూబులో ఉన్న నూనే ఎక్కువ. మందంగా వేయాల్సిన రంగుని గంటసేపు అట్టముక్క మీద ఉంచితే అదనపు నూనె పీల్చేస్తుంది. వార్నిష్ ఆరు నెలల తర్వాతే. ఇంకోటి, ముందు పూలు పూర్తిచేయండి, కూజా తర్వాత. దీపం వేడికి రేకులు గంటల్లోనే విచ్చుకుని, వాలిపోతాయి. కూజా ఎక్కడికీ పోదు.

లైడెన్‌గల్లీ:
పై సలహాలన్నీ సరే గానీ, వెర్‌స్టర్ (1861–1927) అంటే మందపు నూనెరంగు ఒక్కటే అనుకోకండి. 1890లలో ఆయన మైనపు క్రేయాన్‌కి మళ్ళాడు. ఆ పద్ధతిలో వెలుగు చోట్లు కాగితం మీద ఖాళీగా వదిలేయాలి, చెరపడం కుదరదు, మహా అయితే కత్తిమొనతో గీకాలి. డేలియాలు ముందు అలా ఒకసారి వేసి చూడండి, ఏ రేకుకి తెలుపు అక్కర్లేదో అర్థమవుతుంది. వాడిపోయిన పూలే మీకు నచ్చితే, హార్లెమ్ చిత్రకారుడు కేస్ వెర్వే (1900–1995) నీటిరంగులు చూడండి. వెర్‌స్టర్ చిత్రాలు ఎక్కువగా నెదర్లాండ్స్‌లో, ఓటర్లోలోని క్రోలర్-ముల్లర్ మ్యూజియంలో, లైడెన్‌లోని లాకెన్‌హాల్ మ్యూజియంలో ఉన్నాయి.