వార్షిక సదస్సు తీసేసి అన్‌కాన్ఫరెన్స్ పెడితే ఏం పోతుంది?

వేకువ:
మా వృత్తి సంఘంలో వచ్చే సదస్సు మీద రెండు వర్గాలయ్యాయి. ఎప్పుడూ జరిగేది మీకు తెలిసిందే. నెలల ముందు అబ్‌స్ట్రాక్టులు, అంటే ప్రసంగాల సారాంశాలు, పిలుస్తారు, కమిటీ వడపోస్తుంది, ఆ తర్వాత కీనోట్ అనే ప్రధాన ప్రసంగం, ప్యానెల్, ఫోటోలు. ఈసారి కొందరం అన్‌కాన్ఫరెన్స్ అడుగుతున్నాం. ముందస్తు అజెండా ఉండదు. పొద్దున్నే అందరూ గుండ్రంగా కూర్చుంటారు. మాట్లాడాలనుకున్నవాళ్ళు కాగితం మీద విషయం రాసి, నిలబడి ఒక్క ముక్కలో చెప్పి, గదులూ వేళలూ గీసిన బోర్డు మీద అంటిస్తారు. ఆపైన ఎవరికి నచ్చిన గదికి వాళ్ళు వెళ్తారు.

ఇది నిన్న మొన్నటిది కాదు. 1983లో హారిసన్ ఓవెన్ అనే అమెరికన్ సలహాదారు ఏడాది కష్టపడి ఒక అంతర్జాతీయ సదస్సు నడిపితే, వచ్చినవాళ్ళకి బాగా నచ్చింది విరామంలో చెప్పుకున్న కబుర్లేనని తేలింది. 1985లో ఆ విరామాన్నే సభగా చేసి ఓపెన్ స్పేస్ పద్ధతి మొదలుపెట్టారు. 2005 ఆగస్టులో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో టెక్నాలజీ వాళ్ళు పెట్టుకున్న అన్‌కాన్ఫరెన్స్, మొదటి బార్‌క్యాంప్‌కి వారం లోపే ఏర్పాట్లన్నీ అయిపోయాయి. మేమూ చేయగలమనే నా నమ్మకం. మీరేమంటారు?

సూటిమాట:
నాకు ఒక్క విషయమే మింగుడుపడదు. ఓపెన్ స్పేస్‌లో రెండు పాదాల నియమం అని ఉంది కదా, ఎదుటివారు మాట్లాడుతుండగానే లేచి పక్క గదికి వెళ్ళిపోవచ్చట. ఒక మనిషి సిద్ధమై వచ్చి చెబుతుంటే ముఖం మీదే లేచిపోవడాన్ని నియమం చేసి నేర్పిస్తారా? ఒక అన్‌కాన్ఫరెన్స్‌లో నాకిది జరిగింది. లెక్కలు వివరించే చోటికి వచ్చేసరికి గది సగం ఖాళీ. అసలు విషయమంతా ఆ లెక్కల్లోనే ఉంది. ఓపిక పట్టి వినకపోతే లోతైనదేదీ బుర్రకెక్కదు.

రెండడుగులు:
సూటిమాట గారూ, నియమం పూర్తిగా చెప్పండి. ఇక్కడ నేను నేర్చుకునేదీ లేదు, నావల్ల ఎవరికీ ఉపయోగమూ లేదు అనిపిస్తే, అవి దొరికే చోటికి వెళ్ళమంటుంది. నా సమయానికి బాధ్యత నాదే అంటుంది. మామూలు సదస్సులో ఒళ్ళు కుర్చీలో, మనసు ఫోన్లో. అది వక్తకి గౌరవమా? గది నుంచి గదికి తిరిగేవాళ్ళని ఓవెన్ తుమ్మెదలన్నారు. ఒకచోట విన్నది ఇంకోచోటికి మోసుకెళ్తారు కాబట్టి.

చివరి వరుస:
డబ్బు సంగతి ఎవరు చూస్తారు? పేరున్న కీనోట్ వక్త లేకపోతే స్పాన్సర్ దొరకడం కష్టం.

గంటస్తంభం:
టీచర్లు 2010లో ఫిలడెల్ఫియాలో ఎడ్‌క్యాంప్ మొదలుపెట్టారు, ఇదే పద్ధతి. కీనోట్ లేదు. హాలు ఎవరైనా ఉచితంగా ఇస్తే పెద్ద ఖర్చేమీ ఉండదు.

సూటిమాట:
స్పాన్సర్ల మాట తర్వాత. కాసేపు విని వెళ్ళే తుమ్మెద మోసుకెళ్ళేది సగం మాటే. ఆ సగం మాట పక్క గదిలో నా పేరు మీద చెలామణి అవుతుంది. దీనికి జవాబు చెప్పండి.

నీలిసిరా:
మీరిద్దరూ లేచి వెళ్ళడం దగ్గరే ఆగిపోయారు. జనం లేచి వెళ్ళాలన్నా ముందు నాకంటూ ఒక గది దక్కాలి కదా. నేను వెళ్ళిన అన్‌కాన్ఫరెన్స్‌లో ధైర్యం చేసి నా కాగితం అంటించాను. ఒక సీనియర్ వచ్చి "రెండూ ఒకటే టాపిక్, కలిపేద్దాం" అని నా కాగితం తీసి తన కాగితం కింద అంటించారు. నేను అవుననలేదు, కాదనలేదు. గదిలో గంటసేపూ ఆయనే మాట్లాడారు. నాకు తెలిసిన విషయం ఆయనకి తెలియదు, అయినా సరే. కమిటీ ఉన్న సదస్సులో చిన్నదైనా నా ఇరవై నిమిషాలు నాకుంటాయి, మధ్యలో ఎవరైనా అడ్డొస్తే ఆపడానికి అధ్యక్షులుంటారు.

ఇంకొకటి. పేపర్ ఒప్పుకున్నట్టు ఉత్తరం చూపిస్తేనే మా ఆఫీసు సెలవూ ప్రయాణ ఖర్చూ ఇస్తుంది. "వెళ్ళి అక్కడ టాపిక్ ఆలోచించుకుంటాను" అంటే ఎవరు పంపుతారు?

రెండడుగులు:
మీకు జరిగింది అన్యాయం. కానీ అది సభ నడిపే ఫెసిలిటేటర్ తప్పు, పద్ధతి తప్పు కాదు. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప కాగితాలు కలపకూడదు.

నీలిసిరా:
సదస్సులో తప్పు జరిగితే పద్ధతిది. అన్‌కాన్ఫరెన్స్‌లో జరిగితే మనిషిది. ఇదేం న్యాయం?

రెండడుగులు:
న్యాయం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఒక సదస్సుకి నేను వరసగా అబ్‌స్ట్రాక్టులు పంపాను. ప్రతిసారీ "అనుభవం చాలదు" అన్న ఒక్క వాక్యంతో తిప్పి పంపారు. ఆ తర్వాత అదే విషయం మీద కమిటీ సభ్యుడొకరు వేదికెక్కారు. కింద కూర్చుని విన్నాను. ఎవరిని అడగాలో కూడా తెలియలేదు, ఎవరు చదివారో పేర్లు చెప్పరు కదా. బోర్డు దగ్గర కనీసం నన్ను ఆపుతున్నది ఎవరో కంటికి కనిపిస్తుంది.

సూటిమాట:
కమిటీ అంటే దొంగల ముఠా అన్నట్టు రాస్తున్నారు. నేను ఏళ్ళ తరబడి అలాంటి కమిటీలో పనిచేశాను. పైసా తీసుకోలేదు. ఇంట్లో అందరూ పడుకున్నాక కూర్చుని ఒక్కొక్కటీ చదివేవాళ్ళం. సరుకు అమ్ముకోవడానికి పంపినవి, ఎక్కడినుంచో ఎత్తిరాసినవి మేము తీసేయకపోతే ఆ గదుల్లో కూర్చునేది మీరే. ఆ కష్టానికి ఇదా మీరిచ్చే విలువ?

మాడరేటర్:
వ్యక్తిగత ఆరోపణలు వద్దు. ఇద్దరూ విషయం మీద ఉండండి.

రెండడుగులు:
మీ కష్టాన్ని కాదనడం లేదు సార్. లేచి వెళ్ళడం మీద ఇంతసేపు వాదించుకున్నాం కానీ మన తగువు అది కాదు. ఏది వినదగ్గదో ముందే తేల్చే హక్కు కొందరికి ఉండాలని మీరంటున్నారు. ఆ హక్కు ఎవరికీ ఉండకూడదు, విన్నాక వినేవాళ్ళే తేల్చుకోవాలి అని నేనంటున్నాను.

సూటిమాట:
అవును, ఉండాలనే అంటున్నాను. దాచుకోను. మూడేళ్ళ ప్రయోగం ఫలితాన్నీ పొద్దున తోచిన ఆలోచననీ ఒకే సైజు కాగితం మీద రాసి పక్కపక్కన అంటిస్తే, జనం ఆకర్షణీయమైన శీర్షిక వైపు వెళ్తారు. తేల్చేది వినేవాళ్ళు కాదు, శీర్షిక. పైగా మర్నాటికి రికార్డేమీ మిగలదు.

గంటస్తంభం:
రికార్డు సంగతి మాత్రం పూర్తిగా నిజం కాదు. ఆన్‌లైన్ గుర్తింపు విషయాల మీద జరిగే ఇంటర్నెట్ ఐడెంటిటీ వర్క్‌షాప్ 2005 నుంచి ఓపెన్ స్పేస్ పద్ధతిలోనే నడుస్తోంది. సెషన్ పెట్టినవాళ్ళు నోట్స్ ఇస్తారు, వాటన్నిటినీ కలిపి పుస్తకంగా తెస్తారు. నోట్స్ రాసే మనిషి లేకపోతే గది ఇవ్వం అనొచ్చు.

నీలిసిరా:
రెండడుగులు గారూ, ఎవరికీ హక్కు లేని చోటు ఉండదు. కమిటీ లేకపోతే గొంతు పెద్దదైనవారికీ, ఒకరికొకరు ముందే తెలిసినవారికీ ఆ హక్కు వెళ్తుంది. ఫూ క్యాంప్ అనే టెక్నాలజీ వాళ్ళ కూటమికి ఆహ్వానం ఉంటేనే రానిస్తారని అందరికీ తలుపు తెరుస్తూ బార్‌క్యాంప్ పెట్టారు. మంచిదే. కానీ తలుపు తెరిచినంత మాత్రాన లోపల అందరికీ మాట దొరకదు. బోర్డు మీద మొదటి వరస గడులు ఇంతవరకు ఎప్పుడూ సెషన్ పెట్టనివాళ్ళకే వదలండి. మొదటిసారి వచ్చినవాళ్ళు తప్పకుండా మాట్లాడాలని బార్‌క్యాంప్ నియమాల్లోనే ఉంది, దాన్ని ఒత్తిడిగా కాకుండా వాళ్ళ వాటాగా మార్చండి. ఒకరి కాగితం మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదని బోర్డు మీదే రాయండి.

వేకువ:
నీలిసిరా గారి మూడు షరతులూ మా సంఘం ముందు పెడతాను. సెలవు కోసం, "ఫలానా విషయం మీద చర్చ నడుపుతారు" అని ముందే పేరు ఇచ్చినవాళ్ళకి ఆహ్వానపత్రం ఇస్తాం. సదస్సు రెండు రోజుల్లో ఒక రోజు కమిటీ ఎంచిన పేపర్లు, ఒక రోజు బోర్డు. సూటిమాట గారూ, మొదటి రోజు మీరు బాధ్యత తీసుకుంటారా?

సూటిమాట:
తీసుకుంటాను. నా రోజున రెండు పాదాల నియమం ఉండదు.

రెండడుగులు:
అలాగైతే తిప్పి పంపిన ప్రతి అబ్‌స్ట్రాక్టుకీ కారణం, చదివినవారి పేరూ రాసివ్వాలి. దానికి ఒప్పుకుంటారా?

సూటిమాట:
కారణం ఇస్తాను. పేర్లు ఇవ్వను.