పాత గనుల లొకేషన్ పిన్లు అందరికీ కనిపించేలా పెట్టొచ్చా? (కాలిఫోర్నియా ఎడారులు డెత్ వ్యాలీ, మోహావీ)

టకోమా_శీను (ఫ్రీమాంట్)
అందరికీ నమస్తే. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో నాలుగు రోజులు డెత్ వ్యాలీ వెనక దారులు తిరిగొచ్చాం. బల్లరాట్ మీదుగా గోలర్ వాష్ (ఎండిన వాగు దారి) ఎక్కి, బార్కర్ రాంచ్ చూసి, మెంగెల్ పాస్ దాటి బ్యూట్ వ్యాలీలోకి దిగాం. అక్కడ జియాలజిస్ట్స్ క్యాబిన్ అని రాతితో కట్టిన చిన్న ఇల్లుంది. దాని ముందు కూర్చుంటే ఎదురుగా చారల కొండ. పొద్దు వాలేకొద్దీ ఆ చారల రంగు మారుతుంటే మా ఆవిడ రెండు గంటలు ఫోన్ ముట్టుకోలేదు.

ఇంటికొచ్చాక ఈ ట్రిప్పులోవీ, అంతకుముందు మూడేళ్లలో చూసినవీ కలిపి 23 చోట్లు (గనులు, మిల్లులు, క్యాబిన్లు) ఒక మ్యాపులో పిన్ చేసి అందరికీ కనిపించేలా పెట్టాను. ఐదారు వారాల తర్వాత మన గ్రూపు సీనియర్ ఒకాయన ఫోన్ చేసి వెంటనే తీసేయమన్నారు. నేను తీయలేదు. అది ప్రభుత్వ భూమి, ఎవరి సొంతమూ కాదు. దారి తెలిస్తే కొత్తవాళ్లకు ప్రమాదం తగ్గుతుంది కదా? మీరేమంటారు?

మోహావీ_మూర్తి (బేకర్స్‌ఫీల్డ్)
శీను గారూ, ఫోన్ చేసింది నేనే. దాచుకోవడం దేనికి.

మీ 23లో 22 నాకు పెద్ద అభ్యంతరం కాదు. పానమింట్ కొండల్లో ఆ రేకుల గది గురించే నా గోలంతా. నేను 2008లో మొదటిసారి వెళ్లాను. కిటికీ పక్కన చెక్క మీద ఒక ఎనామిల్ కప్పు, అంచు పెచ్చులూడి నల్లబడింది. పక్కన పాలడబ్బా, మూతకి మేకుతో కొట్టిన రెండు బొక్కలు. గనిలో పనిచేసి వచ్చినవాడు అలా బొక్కలు కొట్టి టీలో పాలు పోసుకున్నాడు. డబ్బా పెట్టిన చోటే ఉండిపోయింది. కింద ఇనప పెట్టెలో లాగ్‌బుక్. వచ్చినవాళ్లంతా రెండు ముక్కలు రాసి మళ్లీ పెట్టెలో పెట్టి మూత వేసి వెళ్లేవారు. మా అబ్బాయి ఏడేళ్లప్పుడు అందులో తన పేరు తెలుగులో రాశాడు, ఒక వత్తు తప్పుగా. వాడు తెలుగులో పేరు రాయడం అదే మొదటిసారి.

మీ పిన్ పెట్టిన ఐదు వారాలకి వెళ్లాను. కప్పు లేదు. లాగ్‌బుక్ లేదు. గోడ చెక్కలు రెండు పీకి మంట వేసుకున్నారు, బూడిద ఇంకా గడప ముందే ఉంది. అందుకే ఫోన్ చేశాను.

ఐర్విన్_కిరణ్
పిన్ తీసేస్తే మాత్రం లాభమేంటి? ప్రభుత్వ టోపో మ్యాపుల్లో (కొండల ఎత్తుపల్లాలు చూపే మ్యాపులు) పాత గనులు చాలావరకు గుర్తులతో ఉంటాయి. కావాలంటే ఎవరైనా చూసుకోవచ్చు.

మోహావీ_మూర్తి
కిరణ్ గారూ, ఆ మ్యాపు చదవాలంటే ఎత్తులు చూపే కాంటూర్ గీతలు తెలియాలి, వాగు ఏదో దారి ఏదో పోల్చుకోవాలి. అంత కష్టపడి వెళ్లినవాడు గోడ చెక్కలు పీకడు. పిన్ అయితే వేలితో నొక్కి "తీసుకెళ్లు" అంటే చాలు.

టకోమా_శీను
మూర్తి గారూ, లాగ్‌బుక్ పోయిందంటే నాకూ బాధగానే ఉంది. కానీ నా పిన్ చూసి వచ్చినవాళ్లే తీశారని రుజువేంటి? దాన్ని మొత్తం 40 మంది కూడా చూడలేదు. ఆ గది సంగతి వేరే ఇంగ్లిష్ గ్రూపుల్లో ఎప్పట్నుంచో ఉంది.

ఇంకో మాట. 1996 జూలైలో నలుగురు జర్మన్ టూరిస్టుల కుటుంబం అద్దె మినీవ్యాన్‌లో ఈ బ్యూట్ వ్యాలీకే వచ్చింది. మెంగెల్ పాస్ ఎక్కడం ఆ బండి వల్ల కాదు. పక్కనున్న ఆన్విల్ కాన్యన్‌లోకి దిగారు. అక్టోబరులో బండి దొరికింది, టైర్లు పోయి ఇసుకలో కూరుకుని. మనుషుల అవశేషాలు దొరికింది 2009లో. పదమూడేళ్లు! ఆ దారి మామూలు బండికి కుదరదని వాళ్లకి ఒక్కరు చెప్పి ఉంటే? సమాచారం దాచిపెడితే ప్రాణాలు పోతాయి.

మోహావీ_మూర్తి
వాళ్ల చేతిలో మ్యాపు లేదనుకుంటున్నారా? ఆ మ్యాపు మీద గీత ఉంది. ఆ గీతను నమ్మే వెళ్లి ఉంటారు. మీ పిన్‌తో నాకున్న పేచీ సరిగ్గా అదే. చోటు ఎక్కడుందో చూపిస్తుంది, దారి ఎలా ఉందో చెప్పదు. మొన్నటి వానకి వాగు దారిని ఎక్కడ కోసేసిందో, ఏ మలుపు దగ్గర వెనక్కి తిరగడానికి చోటుండదో, ఏ బండకి బండి కింది డిఫరెన్షియల్ (ఇరుసు మధ్య గేర్ల డబ్బా) తగులుతుందో ఆ పిన్‌లో ఎక్కడుంది?

జీప్_ప్రసాద్ (ఫీనిక్స్)
గోలర్ వాష్‌లో టైర్లలో గాలి ఎంత పెట్టారు శీను గారూ? నేనైతే 18 పీఎస్ఐ.

టకోమా_శీను
22 పెట్టాను అన్నా.

జీప్_ప్రసాద్
22 ఎక్కువ. రాళ్ల మీద టైరు సాగాలి, లేకపోతే కోసుకుపోతుంది. రేస్‌ట్రాక్ (అక్కడి ఎండిన సరస్సు) రోడ్డు 27 మైళ్లు నేను 20తో వెళ్లాను, వాష్‌బోర్డు (అలలు తేలిన మట్టి రోడ్డు) మీద బండి అదరలేదు. రోడ్డెక్కాక గాలి కొట్టుకోవడానికి కంప్రెసర్ మర్చిపోవద్దు.

మైకా_మనవరాలు (శాన్ హోసే)
నేను ఎక్కువగా రాయను, కానీ శీను గారు గ్రూపులో పెట్టిన ట్రిప్పు ఫొటోల్లో ఏడో ఫొటో చూశాక ఊరుకోలేకపోయాను. వాళ్ల పాప పాత గని సొరంగం లోపల నిలబడి ఉంది. వెనక చీకటి. మొహం మీద ఫోన్ లైటు.

మాది గూడూరు వైపు. మా తాత మైకా గనుల్లో పనిచేశారు. మా అమ్మ చెప్పేది, ఆయన ఇంటికొస్తే చొక్కా మడతల్లోంచి మైకా పొట్టు రాలి వాకిలంతా మెరిసేదట. పిల్లలకు అదో ఆట. ఆయన నలభై ఆరో ఏట దగ్గుతో పోయారు. ఎక్స్‌రే తీయించినవాళ్లు లేరు, డబ్బు ఇచ్చినవాళ్లు లేరు. పేరు రాసిన మస్టరు కూడా దొరకలేదు.

అందుకే మీరు "లొకేషన్" అంటుంటే నాకు ఇంకోలా వినిపిస్తుంది. అది ఒకరు ఊపిరి పోగొట్టుకున్న చోటు. ఆ మాట పక్కన పెట్టినా, పాత సొరంగంలోకి పిల్లల్ని తీసుకెళ్లకండి. అడుగున నిలువు గొయ్యి ఉంటుంది, దాని మీద కుళ్లిన పలకలు, పలకల మీద దుమ్ము. చూస్తే నేలలాగే ఉంటుంది. లోపల ఆక్సిజన్ లేని గాలి నిలవుంటే వాసన కూడా రాదు, మోకాళ్లు వంగి పడిపోతారంతే. పాత డైనమైట్ కర్రలు చెమటలాగా కారుతుంటాయి, అది నైట్రోగ్లిజరిన్. డెత్ వ్యాలీలోని కీన్ వండర్ గనిని 2008లో మూసి, పనులన్నీ చేసి తిరిగి తెరిచింది 2017లో. ఊరికే తొమ్మిదేళ్లు మూసి ఉంచరు కదా.

టకోమా_శీను
పది అడుగులు కూడా లోపలికి వెళ్లలేదండీ. ఫొటో తీసి వెంటనే బయటికి వచ్చేశాం.

మైకా_మనవరాలు
పది అడుగులో ఎన్ని అడుగులో నేను అడగలేదు. పాపని ఎందుకు లోపలికి పంపారని అడుగుతున్నాను.

ఐర్విన్_కిరణ్
ఒక డౌట్. పాత వస్తువులు తీయకూడదన్న 1979 చట్టం 100 ఏళ్లు దాటినవాటికే కదా? ఆ పాలడబ్బాకి 100 ఏళ్లు నిండాయా?

మోహావీ_మూర్తి
నేషనల్ పార్కులో ఆ లెక్కే లేదండీ. నిన్నటి రాయి కూడా తీయకూడదు. పైగా నేను చట్టం గురించి మాట్లాడటం లేదు. 1942లో అమెరికా జనరల్ ప్యాటన్ సైన్యం మోహావీలో ట్రైనింగ్ చేసింది. ఆ ట్యాంకుల చాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎడారి నేల పైన సన్నటి పొర ఉంటుంది, ఒకసారి పగిలితే మన జీవితకాలంలో మళ్లీ కట్టుకోదు. అలాంటి చోటికి వంద పిన్లు పెట్టి వంద బండ్లని పిలుస్తామా? గుడికి వెళ్తూ చెప్పులు బయట వదిలే మనిషికి వేరే చట్టం అవసరమా?

టకోమా_శీను
మూర్తి గారూ, గుడి మాట మీరే తెచ్చారు కాబట్టి అడుగుతున్నాను. ఆ గుడి తాళం ఎవరి దగ్గరుంది?

రెండేళ్ల క్రితం గ్రూపు పిక్నిక్‌లో మీ దగ్గరికొచ్చి లిప్పిన్‌కాట్ రోడ్డు గురించి అడిగాను. రేస్‌ట్రాక్ నుంచి సలీన్ వ్యాలీలోకి దిగే దారి ఎలా ఉంటుంది, నా బండి తట్టుకుంటుందా అని. మీరు ఏమన్నారో గుర్తుందా? "ఇంకా టైముంది శీనూ, ముందు తేలిక రోడ్లు తిరుగు" అని భుజం తట్టి వెళ్లిపోయారు. పక్కనే మీ పాత స్నేహితులతో అదే రోడ్డు ట్రిప్పు ప్లాన్ చేసుకున్నారు. నన్ను పిలవలేదు.

నేను సొంతంగా వెళ్లాను. రేస్‌ట్రాక్ దాటి లిప్పిన్‌కాట్ గని దగ్గరికి చేరేలోపే టైరు సైడ్‌వాల్ (పక్క గోడ) చీలింది. స్పేర్ వేశాను. దిగువన రెండోది పోయింది. ఆరేళ్ల పాప, మా ఆవిడ, ఒక పక్క లోయ. ఫోన్ సిగ్నల్ లేదు. రాత్రంతా బండిలోనే ఉన్నాం. పాప పడుకునే ముందు "మనకి నీళ్లు ఎన్ని ఉన్నాయి నాన్నా" అని అడిగింది. తెల్లారాక ముసలి దంపతులు జీపులో వచ్చి టైరు ఇచ్చారు. వాళ్లు నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. దారిలో ఏ మలుపు దగ్గర ఏం ఉంటుందో కాగితం మీద గీసిచ్చారు.

ఆ రాత్రే అనుకున్నాను, నాకు తెలిసింది ఎవరికీ దాచనని. ఆ మ్యాపు పెట్టింది లైకుల కోసం కాదు.

వేగాస్_వదిన
ఈ విషయం ఇన్నాళ్లూ గ్రూపులో ఎవరికీ చెప్పలేదేం శీనూ?

టకోమా_శీను
ఎవరికి చెప్పాలి వదినా? "ముందే చెప్పాంగా" అంటారు.

మోహావీ_మూర్తి
శీనూ, ఇది నాకు తెలియదు. పాపతో రాత్రంతా అక్కడున్నావని తెలియదు. తెలిసుంటే బయల్దేరి వచ్చేవాడిని. ఈ మాట నమ్ము.

నువ్వు అడిగిన రోజు నేనెందుకు చెప్పలేదో కూడా విను. 2017లో నాతో పనిచేసే ఒకతను అడిగితే నా దగ్గరున్న వేపాయింట్ల (జీపీఎస్ గుర్తుల) ఫైలు మొత్తం ఇచ్చేశాను. చలికాలంలో వెళ్లమన్నాను, రెండు బండ్లుండాలన్నాను. అతను జూన్‌లో, ఒక్కడే, అద్దె బండితో వెళ్లాడు. మట్టి రోడ్డు మీదికి తీసుకెళ్లకూడదని అద్దె కాగితాల్లోనే ఉంది, చదవలేదు. నేను ఇచ్చిన పాయింటు వాగులో ఉంది. ఇసుకలో దిగబడింది. రెండు రాత్రులు. మూడో రోజు పొద్దున ఒక రేంజర్ కంట పడ్డాడు. బతికాడు. కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఇప్పటికీ మందులు వాడుతున్నాడు. వాళ్లావిడ హాస్పిటల్ వరండాలో నన్ను చూసి ఏమీ అనలేదు. మొహం పక్కకి తిప్పుకుంది.

ఆ తర్వాత ఎవరు అడిగినా నోరు రాలేదు. నువ్వు పనికిరావని కాదు. నా వల్ల ఇంకొకరు అలా కాకూడదని. పాత స్నేహితులతో వెళ్తానంటే, వాళ్లకి నేను చెప్పాల్సిందేమీ లేదు కాబట్టి. నువ్వు దాన్ని తలుపు వేయడం అనుకున్నావు. బయటి నుంచి చూస్తే అలాగే కనిపిస్తుంది, ఒప్పుకుంటాను.

వేగాస్_వదిన
ఇద్దరూ వారం నుంచి పిన్ పిన్ అంటున్నారు. ఒకరిది దారి చెప్పినందుకు భయం, ఇంకొకరిది చెప్పనందుకు కోపం.

నేను నెవాడా వైపు పదకొండేళ్లుగా తిరుగుతున్నాను. నాకు నేర్పింది మ్యాపు కాదు, ముందు బండిలో కూర్చున్న మనిషి. ఎక్కడ ఆపి దిగి నడిచి చూడాలో, ఎప్పుడు "ఈ రోజుకి వద్దు" అని వెనక్కి తిప్పాలో పక్కనుండి చూస్తేనే వస్తుంది. మన గ్రూపులో కొత్తవాళ్లని వెంట తీసుకెళ్లే ట్రిప్పు చివరిసారి ఎప్పుడు పెట్టారు? నేను చేరాక ఒక్కటీ లేదు. ఫిబ్రవరిలో టైటస్ కాన్యన్ నేను తీసుకెళ్తాను. వన్ వే రోడ్డు, మధ్యలో లెడ్‌ఫీల్డ్ పాత ఊరు ఉంది. వెళ్లే వారం దారి తెరిచి ఉందో లేదో పార్కు వాళ్లని అడిగి చెప్తాను. మనిషికి రోజుకి గ్యాలన్ నీళ్లు, రెండు స్పేర్లు, పిల్లలు గని గేటు ఇవతలే. అది గబ్బిలాల కోసం కూడా పెట్టిన గేటు, దాని మీదకి ఎక్కొద్దు.

హెచ్‌వన్‌బీ_హరి
వదినా, నేను వస్తాను. నాకు ఏ మార్పులూ చేయని స్టాక్ ఫోర్‌రన్నర్ ఉంది, సరిపోతుందా? పొరపాటున రోడ్డు దిగితే ఫెడరల్ టికెట్ (జరిమానా) అంటారని, వీసా మీద ఉన్నానని టెన్షన్. అందుకే ఇన్నాళ్లూ ఎక్కడికీ వెళ్లలేదు.

వేగాస్_వదిన
సరిపోతుంది హరీ. రోడ్డు దిగనివ్వను.

టకోమా_శీను
మూర్తి గారూ, మీ స్నేహితుడి సంగతి ఇప్పుడే తెలిసింది. ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేది.

రేకుల గది పిన్ తీసేశాను. సొరంగం ఫొటో కూడా తీసేశాను, మనవరాలి గారూ, మీరు అడిగింది సబబే. మిగతా 22 తీయను. ప్రతి పిన్ కింద ఏ బండి కావాలి, ఏ నెలలో వెళ్లకూడదు, నేను వెళ్లిన తేదీ, దారి ఎక్కడ పాడైందో రాస్తాను.

మోహావీ_మూర్తి
నీ తేదీ తర్వాత ఒక్క వరద వస్తే ఆ రాత తప్పవుతుంది. నీ మాట నమ్మి వెళ్లినవాడికి ఆ సంగతి తెలియదు. కాబట్టి నేనింకా ఒప్పుకోవడం లేదు శీనూ. లిప్పిన్‌కాట్ పిన్ అన్నా తీసెయ్. టైటస్ ట్రిప్పుకి నేను చివరి బండిగా వస్తాను.

ఇంకొక్కటి, ఇది చదివేవాళ్లందరికీ. ఆ లాగ్‌బుక్ పచ్చ అట్ట, దారంతో కట్టి ఉంటుంది. ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకెళ్లి ఆ ఇనప పెట్టెలో పెట్టేయండి. ఎవరు తీశారని అడగను.