‘మర్చిపోయాడు’ అని రాస్తే ఏం పోయింది?

ఎంవీపీ కాలనీ:
డిమెన్షియా వచ్చిన ఒక తాత మీద కథ రాస్తున్నాను. విశాఖ సిందియాలో, షిప్‌యార్డులో పనిచేసిన మనిషి. తెల్లారకుండానే లేచి, షిఫ్టుకి టైమైపోతోందని చెప్పులు వెతుక్కుంటాడు. ‘రిటైరైన సంగతి మర్చిపోయాడు’ అని రాశాను. చదివిన స్నేహితురాలు “ఇది తాత మాట కాదు, కోడలి మాట” అంది. ఎక్కడ తేడా కొట్టింది?

గాజువాక మాస్టారు:
క్రియలోనే ఉందమ్మా. ‘మర్చిపోయాడు’లో కర్త ఆయన, కాబట్టి తప్పూ ఆయనదే. ‘నాకు గుర్తు రావట్లేదు’ అంటే రానిది గుర్తు. మనిషి ‘నాకు’ దగ్గర ఎదురుచూస్తూ కూర్చున్నాడంతే. ఆకలి, నిద్ర, చలి అన్నీ తెలుగులో ఇలాగే మన మీదికి వస్తాయి. కానీ మీ తాతకి అదీ నప్పదు. గుర్తు రావట్లేదనాలంటే ఏదో పోయిందని తెలియాలిగా! ఆయనకి షిఫ్టు ఉంది. లేనివి చెప్పులే.
(అన్నట్టు, సిందియా షిప్‌యార్డు 1952లోనే హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. మనం ఇంకా సిందియా అనే అంటాం. దాన్ని మతిమరుపు అనం మరి!)

సీతమ్మధార:
ఎమ్మా హీలీ 2014 నవల ‘ఎలిజబెత్ ఈజ్ మిస్సింగ్’లో కథ చెప్పేది మోడ్ అనే ముసలావిడే. స్నేహితురాలు కనబడట్లేదని చీటీలు రాసుకుని మరీ వెతుకుతుంది. అడిగిందే అడుగుతోందని చుట్టూ వాళ్లు విసుక్కుంటుంటే నాకు ఒళ్లు మండింది. పుస్తకం మూశాక తెలిసింది, మా ఇంట్లో విసుక్కునేది నేనేనని.

భీమిలి:
మా అమ్మమ్మకి రెండేళ్లపాటు ‘చాదస్తం’ అనే అన్నాం. ఆ మాట ఉండబట్టే డాక్టరు దగ్గరికి ఆలస్యంగా వెళ్లాం. డిమెన్షియాకి పేపర్లలో రాసే ‘చిత్తవైకల్యం’ ఇంట్లో ఎవరి నోటా పలకదు. ఆఖర్లో నన్ను చూసి “ఎవుల గుంటవే నువ్వు?” అనేది. నా పేరు పోయింది, ‘గుంట’ (మా వైపు ఆడపిల్లని అనే మాట) పోలేదు. కథల్లో ఇలాంటి ముసలమ్మ చేత పుస్తకాల భాష మాట్లాడిస్తే నాకు చిరాకు.

ఎంవీపీ కాలనీ:
రిటైర్మెంట్ మాట తీసేశాను. ఇప్పుడిలా ఉంది: ‘సైరన్ కూసేలోపు గేటు దగ్గరుండాలి. చెప్పులు మంచం కింద లేవు. గుమ్మంలోనూ లేవు.’

గాజువాక మాస్టారు:
బావుంది. దాచింది కోడలేనా?

ఎంవీపీ కాలనీ:
అవును మాస్టారూ, బయటికెళ్లిపోతాడని భయం. మీకెలా తెలిసింది?

గాజువాక మాస్టారు:
మా ఇంట్లో నాన్నగారివి నేనే దాచేవాణ్ణి. బియ్యం డబ్బా వెనకాల.