లినక్స్‌లో ఫ్యాన్ స్పీడ్ ఎంత పెట్టినా నిలబడట్లేదు

ప్రశ్న:
అందరికీ నమస్తే. నా డెస్క్‌టాప్ బోర్డు మీద టెంపరేచర్లు చూస్తూ ఫ్యాన్లని నడిపే నువోటన్ చిప్ ఉంది, సెన్సార్లని వెతికే సెన్సార్స్-డిటెక్ట్ కమాండ్ రన్ చేస్తే ఎన్‌సీటీ6775 డ్రైవర్ లోడ్ చేయమంది, చేశాను, టెంపరేచర్లు ఆర్‌పీఎంలు అన్నీ బానే కనబడుతున్నాయి. కానీ సీపీయూ 38 డిగ్రీల దగ్గరున్నా ఫ్యాన్ 1800 ఆర్‌పీఎంతో హోరెత్తిపోతోంది, రాత్రిపూట పక్కన కూర్చోలేకపోతున్నా. రూట్‌గా (అడ్మిన్‌గా) ఫ్యాన్ స్పీడ్ సెట్ చేసే పీడబ్ల్యూఎం1 ఫైల్‌లో 100 రాశాను, ఏం తేడా లేదు. ఇంకేం చెయ్యాలి?

రిప్లై 1:
పక్కనే పీడబ్ల్యూఎం1_ఎనేబుల్ అని ఇంకో ఫైల్ ఉంటుంది, అందులో ఎంతుందో చూడు బ్రో. 5 ఉంటే స్మార్ట్ ఫ్యాన్ 4 మోడ్, అంటే స్పీడ్ చిప్పే చూసుకుంటోంది, నీ మాట వినదు. ముందు దాంట్లో 1 (అంటే మాన్యువల్) రాసి తర్వాత పీడబ్ల్యూఎం1లో 100 రాయి. దాని విలువలు 0 నుంచి 255 (ఫుల్ స్పీడ్) దాకా.

ప్రశ్న అడిగినవారు:
పనిచేసింది బ్రో, 950కి దిగింది! చాలా థ్యాంక్స్. ఇదే బూట్ స్క్రిప్ట్‌లో పెట్టేస్తా.

రిప్లై 2:
అలా మాత్రం వదిలెయ్యకండి ప్లీజ్. మాన్యువల్‌లో పెట్టాక సీపీయూ 90 డిగ్రీలకెళ్ళినా ఫ్యాన్ ఆ 100 దగ్గరే తిరుగుతుంది, పెంచేవాళ్ళెవరూ ఉండరు. టెంపరేచర్ని బట్టి స్పీడ్ మార్చే ఫ్యాన్‌కంట్రోల్ వాడొచ్చు గానీ అదీ ఒక ప్రోగ్రామే కదా, సిస్టమ్ హ్యాంగ్ అయితే అదీ ఆగిపోతుంది, ఫ్యాన్ చివరి స్పీడ్‌లోనే ఉండిపోతుంది. నా సలహా, ఎనేబుల్‌లో మళ్ళీ 5 పెట్టి చిప్‌లో ఉన్న కర్వ్‌నే (ఎంత టెంపరేచర్‌కి ఎంత స్పీడో చెప్పే పట్టిక) మార్చుకోండి. ఆటో_పాయింట్ పేరుతో టెంపరేచర్‌కొకటి, స్పీడ్‌కొకటి ఫైళ్ళు జతలుగా ఉంటాయి, డిగ్రీని వెయ్యితో గుణించి రాయాలి, 50 డిగ్రీలంటే 50000. చివరి పాయింట్ దగ్గర 255 కదపొద్దు. ఇంకోటి, టెంప్_సెల్ కూడా చూడండి, ఫ్యాన్ ఏ సెన్సార్ని పట్టుకుని నడుస్తోందో అందులో తెలుస్తుంది, ఒక్కోసారి సీపీయూ చల్లగానే ఉన్నా కర్వ్ వేరే సెన్సార్‌కి కట్టేసి ఉంటుంది, మీ హోరుకి అదే కారణమని నా అనుమానం.

రిప్లై 3:
పై రిప్లై కరెక్ట్. స్క్రిప్ట్ రాస్తే ఈ ఫైళ్ళుండే ఫోల్డర్ పేరుని హెచ్‌డబ్ల్యూమాన్2 అని నంబర్‌తో నేరుగా రాయకండి, రీబూట్ అయ్యాక అది 3 అయిపోవచ్చు, అలాంటి ప్రతి ఫోల్డర్‌లో చిప్ పేరుండే నేమ్ అనే ఫైల్ ఉంటుంది, అది చదివి సరైన ఫోల్డర్‌ని వెతికించండి.

ప్రశ్న అడిగినవారు:
టెంప్_సెల్ చూశానండి, మీరన్నట్టే సీపీయూకి కాదు, బోర్డు సెన్సార్‌కి ఉంది. సీపీయూకి మార్చి 5 పెట్టాను, ఇప్పుడు దానంతటదే 800 దగ్గర తిరుగుతోంది.