వైర్‌లెస్ స్కానింగ్ ప్రోబ్: మాలాంటి చిన్న ఆసుపత్రికి పనికొస్తుందా?

ప్రశ్న (డ్యూటీ డాక్టర్, భద్రాచలం వైపు)

మాది 20 పడకల ఆసుపత్రి. స్కానింగ్ మెషిన్ కింది అంతస్తులో ఉంటుంది, రేడియాలజిస్ట్ గారు వారానికి మూడు రోజులే వస్తారు. పోయిన నెల రాత్రి రెండింటికి వార్డులో ఒక పెద్దాయనకు ఆయాసం ఎక్కువైంది. ఛాతీలో పిల్లికూతలు. బీడీలు తాగే మనిషి, గుండె జబ్బూ ఉంది. ఊపిరి గొట్టాలు తెరిచే నెబ్యులైజేషనా, ఒంట్లో నీరు తీసే లాసిక్సా తేలక రెండూ ఇచ్చి తెల్లారేదాకా పక్కనే కూర్చున్నాను. కోలుకున్నారు గానీ ఆ టెన్షన్ నన్ను ఇంకా వదల్లేదు. జేబులో పట్టే వైర్‌లెస్ ప్రోబ్ (ఒంటికి ఆనించి ఫోన్‌లో స్కాన్ బొమ్మ చూసే పరికరం) కొనమని మేనేజ్‌మెంట్‌ని అడుగుదామనుకుంటున్నాను. వాడుతున్నవాళ్ళు చెప్పండి.

జవాబు (ఎమర్జెన్సీ డాక్టర్, గుంటూరు)

డాక్టరు గారూ, సరిగ్గా అలాంటి రాత్రికే అది కావాలి. ఆయాసపడే మనిషిని పడుకోబెట్టకుండా, కూర్చున్నచోటే ఛాతీకి రెండు వైపులా చూడొచ్చు. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే తెర మీద పైనుంచి చివరిదాకా టార్చి వెలుగులాంటి తెల్లటి చారలు దిగుతాయి. వాటినే బీ లైన్లు అంటాం. రెండు వైపులా, చాలా చోట్ల, ఒక్కోచోట మూడుకి తగ్గకుండా కనిపిస్తే నీరు చేరిందనే నా మొదటి అనుమానం. ఒట్టి ఉబ్బసమైతే మామూలుగా అలా ఉండదు. నెమ్ములో కూడా ఈ చారలు వస్తాయి, కాబట్టి జ్వరం, గుండె, ఎక్స్‌రే అన్నీ కలిపే చూడాలి.

వైరు లేకపోవడం చిన్న సంగతిగా కనిపిస్తుంది గానీ, వార్డులో తేడా తెలుస్తుంది. మంచం కడ్డీలకు, సెలైన్ గొట్టాలకు చిక్కుకునేది ఏదీ ఉండదు. ప్రోబ్ మొత్తాన్ని స్టెరైల్ కవర్‌లో పెట్టేయొచ్చు. ఫోన్‌తో సొంత వైఫైలో కలుస్తుంది, నెట్ లేకపోయినా బొమ్మ వస్తుంది. ఛార్జింగ్ మాత్రం చూసుకోవాలి, ఆపకుండా వాడితే ప్రోబ్ వేడెక్కుతుంది. పిత్తాశయంలో రాయి, గర్భిణి స్కాన్ లాంటివాటికి పెద్ద మెషిన్ దగ్గరికే పంపండి.

జవాబు (రేడియాలజిస్ట్, వరంగల్)

కొనేముందు ఒక మాట. 200 గ్రాములున్నా చట్టం దృష్టిలో అది స్కానింగ్ మెషినే. లింగ నిర్ధారణ నిషేధించే 1994 చట్టం కింద జిల్లా అధికారుల దగ్గర దాన్ని మీ ఆసుపత్రి పేరున నమోదు చేయించాలి. ఎవరు వాడతారో, వాళ్ళకున్న అర్హత ఏమిటో కూడా అందులో ఉండాలి. 2012లో వచ్చిన నిబంధన ప్రకారం పోర్టబుల్ మెషిన్‌ని నమోదైన ఆవరణలో, చేరిన రోగులకే వాడాలి. మొబైల్ మెడికల్ యూనిట్లకు వేరే షరతులున్నాయి. జేబులో వేసుకుని ఇళ్ళకు తీసుకెళ్ళడం కుదరదు. ఆడపిల్లల కోసం వచ్చిన చట్టం, దీన్ని నేను అడ్డంకి అనుకోను.

జవాబు (స్టాఫ్ నర్స్, డయాలసిస్ యూనిట్)

సార్, నరం దొరకని పేషెంట్ల కోసమైనా అడగండి. చేతులు వాచిపోయినవాళ్ళకు నాలుగైదుసార్లు గుచ్చాల్సి వచ్చేది, వాళ్ళు కళ్ళు గట్టిగా మూసుకునేవాళ్ళు. ఇప్పుడు మా డాక్టరు గారు ప్రోబ్‌తో నరం చూపిస్తే నేను సూది పెడుతున్నాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. నమోదు కాగితాల గురించి రేపే కనుక్కుంటాను. ప్రోబ్ వచ్చేలోపు, రేడియాలజిస్ట్ గారు వచ్చే మూడు రోజులూ ఆయన పక్కన కూర్చుని బీ లైన్లు చూడటం నేర్పమని అడుగుతాను.