49–0 రికార్డు ఉంటే మార్సియానో అలీ కంటే గొప్పవాడైపోతాడా?

ప్రశ్న:
బాక్సింగ్‌లో రాకీ మార్సియానో 49 ఫైట్లకు 49 గెలిచాడు. మహమ్మద్ అలీ 61 ఆడి 5 ఓడాడు. మా తమ్ముడు ఈ లెక్క చూపించి మార్సియానోనే పైన పెడతాడు. నాకు మనసొప్పదు, కానీ గట్టిగా వాదించలేకపోతున్నాను. ప్రత్యర్థులను ఎలా తూచాలి?

జవాబు 1:
పేరు చూడకండి, ఆ రాత్రి ఆ మనిషి ఎలా ఉన్నాడో చూడండి. 1951లో మార్సియానో చేతిలో ఓడిన మాజీ ఛాంపియన్ జో లూయిస్‌కి 37 ఏళ్లు. పేరు లూయిస్‌దే కానీ కాళ్లలో పాత వేగం లేదు. ఆ ఫైట్ ఎప్పుడు చూసినా బాధేస్తుంది నాకు. 1974లో అలీ ఎదుట నిలబడ్డ జార్జ్ ఫోర్‌మన్ వయసు 25. అప్పటిదాకా 40 ఫైట్లు, ఒక్క ఓటమి లేదు. అంతకుముందు అలీని ఓడించిన ఫ్రేజియర్‌ని, నార్టన్‌ని ఇద్దరినీ రెండో రౌండ్లోనే ముగించి వచ్చాడు. అలాంటివాణ్ణి అలీ ఎనిమిదో రౌండ్లో పడగొట్టాడు!

జవాబు 2:
మార్సియానోకి అన్యాయం చేయొద్దండీ. 1952లో అతని ఎదుట నిలబడ్డ వాల్కాట్ వయసు 38 అయినా అప్పటి ఛాంపియన్ వాల్కాటే. మొదటి రౌండ్లోనే మార్సియానోని కింద పడేశాడు. పాయింట్లలో వెనకబడి, 13వ రౌండ్లో నాకౌట్ చేసి గెలిచాడు మార్సియానో. ఎదుట ఉన్నవాళ్లతోనే కదా ఆడాలి.

జవాబు 1:
ఒప్పుకుంటాను. అలీ ఓటములకూ అదే తూకం వాడాలి. 1980లో హోమ్స్ ఓడించిన అలీకి 38 ఏళ్లు. ఆ గెలుపుతో హోమ్స్‌ని అలీ పైన పెట్టలేం.